మసక ఫోటోల ముసలాయన

“అదుగో, మళ్లీ తయారయ్యాడు ఫోటోల తాత!” అంది కాలర్లు కుట్టే ఆమెతో పక్క మిషను అమ్మాయి.

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్లు వరసలో నిలబడి, మెడలోని నంబరు టోకెన్లు తీసి కాపలావాడికి అప్పగిస్తున్నారు. రోజూ ఇంతే. టోకెను ఇంటికి పోకూడదు, ఫోను లోపలికి రాకూడదు.

రోడ్డుకు అటువైపు ముసలాయన, వణుకుతున్న చేతులతో చిన్న కెమెరా నొక్కుతున్నాడు.

కాలర్లు కుట్టే ఆమెకు ఒళ్లు మండింది. వరస వదిలి, మెడలో టోకెనుతోనే రోడ్డు దాటింది.

“ఏం పెద్దాయనా, ఆడపిల్లల్ని ఫోటోలు తీయడానికి సిగ్గులేదూ?”

“ఒక్క నిమిషం తల్లీ, ఆ టోకెను కాస్త ఇటు తిప్పు.”

కోపం నషాళానికంటింది. చెయ్యెత్తి ఒక్కటి విసిరింది. కెమెరా రోడ్డు మీద పడి రెండు ముక్కలైంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ముసలాయన ముక్కలు ఏరుకుని వెళ్లిపోయాడు.

ఆ ఘనకార్యం ఆమె ఇంట్లో నాలుగుసార్లు చెప్పుకుని మురిసింది.

మూడు నెలలకు మిషను ఆమె కుడిచేతి వేళ్లు రెండు నలిపేసింది.

“ఈవిడెవరో మాకు తెలీదు. మా దగ్గర ఎప్పుడూ పని చెయ్యలేదు,” అన్నాడు మేనేజరు, నష్టపరిహారం విచారణలో ఆమె మొహం మీదే.

పదకొండేళ్ల చాకిరీ ఒక్క మాటతో గాలికి పోయింది. తోటివాళ్లు నోరు విప్పితే వాళ్ల పనీ ఊడుతుంది.

కార్మిక సంఘం ఆఫీసులో లాయరమ్మ ఒక ఆల్బం ముందుకు తోసింది.

“మీది ఇందులో ఉందేమో చూడండి.”

చాలా వరకు మసక ఫోటోలే. కానీ ప్రతిదాంట్లో ఫ్యాక్టరీ బోర్డు ఉంది, మెడలో టోకెను ఉంది, మూలన తేదీ ఉంది.

చివరి పేజీలో ఆమె. నోరంతా తెరిచి, కొట్టడానికి చెయ్యెత్తి. మెడలో నూట పన్నెండు నంబరు స్పష్టంగా కనబడుతోంది.

“ఇది చాలు. గెలుస్తాం,” అంది లాయరమ్మ.

ఆమె ఆ ఫోటో మీద చెయ్యి పెట్టింది.

“ఆ కెమెరా పగలగొట్టింది నేనేనమ్మా. ఆయన ఎక్కడుంటాడో చెప్పండి, కాళ్ల మీద పడతాను.”

“పోయిన నెలలో చనిపోయారు. పగిలిన కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి తెచ్చారు. ‘ఈ తల్లికి ఎప్పుడైనా అవసరం పడుతుంది, దాచండి’ అన్నారు.”

ఎత్తిన ఆ చేత్తోనే, మిగిలిన మూడు వేళ్లతో, ఆమె ఆల్బం మొదటి పేజీకి తిప్పింది.

అక్కడ ఫోటో లేదు. ఖాళీ చోటు కింద వణికిన అక్షరాలు మాత్రం ఉన్నాయి: ‘మా అమ్మాయి. మిషను దగ్గరే పోయింది. మా దగ్గర ఎప్పుడూ పని చెయ్యలేదన్నారు.’