తలుపు వెనక సంతకం

"ఆమె బయటికి రావాలండి," అన్నాడు విశాఖపట్నం నుంచి వచ్చిన డిజిటల్ సంతకాల కంపెనీ మనిషి.

వీధి గదిలో ఎవరూ కదల్లేదు.

తలుపు వెనక సీతారత్నం కొంగు బిగించి పట్టుకుంది.

తమ్ముడి భార్య బావగారి కంట పడకూడదన్నది కాశీబుగ్గలో ఆ ఇంటి మర్యాద. ఏం చెప్పాలన్నా అత్తగారు కామాక్షమ్మ చేతనే చెప్పించాలి. భర్త మన్మథరావు కిడ్నీల జబ్బుతో పోయిన రోజున కూడా, బావగారు చంద్రమౌళి గదిలో ఉన్నంతసేపూ ఆమె తలుపు వెనకే ఏడ్చింది.

"ఏటి బాబూ ఆ మాట?" కామాక్షమ్మ గొంతు లేచింది. "మొగుడు పోయిన పిల్ల. పరాయోడి ముందుకి ఎలగొత్తాది?"

"సంతకం ఆమెదమ్మా. పిన్ నంబరు, అంటే రహస్య నంబరు, ఆమే నొక్కాలి. అప్పుడు ఈ బావగారు కూడా గదిలో ఉండకూడదు."

చంద్రమౌళి నవ్వాడు. సంతకాలు దాచే కొత్త పరికరాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. నల్లగా, వేలెడంత కూడా లేదది.

"ఏటయ్యా, పాత కార్డులో ఒక్క సంతకమే పట్టేది, ఇందులో పదిమందివి పడతాయని మీ కంపెనీయే గదా సెప్పింది? ఇంట్లో అందరివీ ఇందులో పెట్టీ. నా జేబులో ఉంటాది. నీకేటి నొప్పి?"

"ఒకే మనిషికి నాలుగు పనులకు నాలుగు సర్టిఫికెట్లు కావలసి వస్తాయని చోటు పెంచారండి. ఇంటిల్లిపాది సంతకాలూ ఒకరి జేబులో వేసుకోడానికి కాదు."

జీడిపప్పు ఫ్యాక్టరీ అన్నదమ్ములిద్దరిదీ. మన్మథరావు వాటా ఇప్పుడు సీతారత్నానిది. ఏ కాగితం కదలాలన్నా కంప్యూటర్లో రెండు సంతకాలూ పడాలి. ఆమెకూ కూతురు ప్రియకూ ఉన్న ఆధారం అదొక్కటే. ఆమె పాత కార్డు గడువు తీరిపోయింది గనుక కొత్తది తీసుకోక తప్పదు.

వచ్చిన మనిషి తలుపు వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ సంతకంతో ఏమేం చేయొచ్చో మీకెవరైనా చెప్పారా?"

అతను గొంతు తగ్గించాడు.

"మీతో ఒంటరిగా మాట్లాడాలమ్మా. కాసేపు చాలు."

"ఒంటరిగానా!" కామాక్షమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! ఇన్నావేటే సీతా?"

చంద్రమౌళి పరికరాన్ని బల్లమీద పెట్టి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ చూపు చెక్క తలుపులోంచి కూడా సీతారత్నానికి తగిలింది. ఈ మనిషి సాయంత్రానికి వెళ్ళిపోతాడు. రేపటి నుంచి తను ఈ ఇంట్లోనే బతకాలి. బావగారికీ తనకూ తగువు పెట్టడానికే వచ్చాడా ఏం?

"అత్తా," అంది గదిలోకి వినబడేలా. "నాకు ఒంటరిగా ఇనీ మాటలేటీ లేవు. ఆ మనిషిని ఎల్లిపొమ్మను."

అతను పరికరాన్ని సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సాయంత్రం బండి దాకా పక్కనే పలాస స్టేషన్లో ఉంటానమ్మా. మనసు మారితే అత్తగారిని తోడు తీసుకునే రండి."

"సిగ్గు లేదేటి!" అంది కామాక్షమ్మ.

పొద్దువాలాక రైలు కూత వినబడింది. పీడ వదిలిందనుకుంది సీతారత్నం.

వారం తిరక్కుండా అదే కంపెనీ నుంచి ఇంకొకతను వచ్చాడు. ఏమీ అడగలేదు. టీ తాగాడు, జీడిపప్పు బాగుందన్నాడు. ఫారం తలుపు సందులోంచి లోపలికి వచ్చింది, సంతకంతో బయటికి వెళ్ళింది. పిన్ నంబరు చంద్రమౌళి నొక్కాడు. పరికరం చివర ఎర్రదీపం వెలిగి ఆరింది.

"ఎంత మర్యాదస్తుడో సూడు," అంది కామాక్షమ్మ.

వానలు వెలిశాక, ఒక ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ సన్యాసి సీతారత్నానికి అడ్డం నిలబడ్డాడు.

"నోనికి పంపొద్దన్నారమ్మా."

"నా ఫ్యాక్టరీకి నానెల్లకూడదేటి?"

అతను తల దించుకున్నాడు. "మీరు రాజీనామా ఇచ్చీసినారట గదమ్మా. వాటా కూడా పెదబాబుగారి పేర రాసిచ్చీసినారట."

ఇంటికి పరిగెత్తింది. అప్పుడు కూడా అత్తగారి చేతనే అడిగించింది. జవాబూ అత్తగారి నోటినుంచే వచ్చింది.

"సంతకం నీదేనంట." కామాక్షమ్మ కోడలి మొహంలోకి చూడలేదు. "కంప్యూటరు అబద్ధం సెప్పదంట."

సీతారత్నం మొదటిసారి ఒంటరిగా రైలెక్కింది.

విశాఖపట్నం ఆఫీసులో పావని అనే అమ్మాయి కూర్చోమంది.

"మొదట ఒచ్చినాయన కావాలమ్మా," అంది సీతారత్నం. "నంబరు మా బావగారే నొక్కుతానంటే ఒద్దన్నాడు. నాకున్న సాక్షి ఆయనొక్కడే."

"ఢిల్లేశ్వరరావు గారా? మానేశారండి. మీ నోటి మాట వినకుండా మీ ఫారం ఎలా పాస్ చేశారని ఇక్కడ పెద్ద గొడవ పెట్టుకున్నారు. ఆ మర్నాడే వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు."

"ముక్కూమొహం తెలీని నా కోసం ఆయనకేటమ్మా అంత?"

పావని కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"పలాస వైపు పని ఆయనది కాదండి. మీ ఇంటిపేరు చూసి, నేను వెళ్తానని అడిగి తీసుకున్నారు. మన్మథరావు గారు డయాలసిస్ అయ్యాక ఇక్కడికే వచ్చి కూర్చునేవారు, ఆయన దగ్గర."

మిగిలినదీ పావనే చెప్పింది.

వీధి గదిలోంచి ఆమె వెళ్ళగొట్టిన ఆ మనిషి, "నేను పోయాక, మా అన్న లేని చోట మా సీతకి అన్నీ విడమరిచి సెప్పు," అని మన్మథరావు తన చేతులు పట్టుకుని అడిగితే, అలాగేనని మాట ఇచ్చిన స్నేహితుడు.