హత్సుయే గారి సంచి

రికార్డింగు లేని రోజైనా, అలవాటు కొద్దీ ముందు స్క్రిప్టు సంచిలో పెట్టింది కయో. దాని పక్కన మెత్తటి అడుగున్న చెప్పులు. నడిస్తే చప్పుడు కాకూడదు, మైకు అన్నీ వింటుంది. తర్వాత గొంతు బిళ్ళలు, ఫ్లాస్కులో గోరువెచ్చటి బార్లీ టీ, ఉప్పులో ఊరేసిన ఉమె పళ్ళు రెండు.

సంచి మీద తెల్లదారంతో కుట్టిన పేరు: హత్సుయే మియోషి.

"ఇవ్వాళ కూడా ఆవిడ సంచి నువ్వే సర్దాలా?" అన్నాడు ఇవావో, పేపరు మీంచి భార్యను చూస్తూ.

"నేను కాక ఎవరు సర్దుతారు?"

"నలభై ఏళ్ళుగా ఆవిడ మీద ఏడుస్తున్నావు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు."

"ఇవ్వాళ చెప్పేస్తా చూడు."

"ఏం చెప్తావ్?"

"నా పేరు. మైకులో. అందరి ముందూ."

"చెప్పావంటే రేపట్నుంచి అన్నం నేనే వండుతా."

"మాడ్చి పెడతావులే," అంది కయో. కానీ నవ్వలేదు.

టీవీలో సాన్‌కిచి బొమ్మల కథ మొదలై నేటికి యాభై ఏళ్ళు. పదేళ్ళ అల్లరి పిల్లాడు సాన్‌కిచి. ప్రతి ఆదివారం సాయంత్రం బడిసంచి గుమ్మంలో గిరాటేసి, "ఇదిగో వచ్చేశా!" అని అరుస్తాడు. దేశమంతా ఆ అరుపు కోసం కాచుకుని ఉంటుంది. వచ్చే వారం నుంచి ఆ గొంతు కొత్తమ్మాయిది. ఇవ్వాళ టోక్యోలో సన్మానం. హత్సుయే మియోషికి.

కయో సంచి మూతి బిగించి కట్టింది. మళ్ళీ ఆ పేరే.

ఇద్దరూ ఒకే నాటక బృందంలో పని నేర్చుకున్నారు. ఒకే గదిలో అద్దెకున్నారు. సాన్‌కిచి కోసం ఒకే రోజు గొంతు వినిపించారు. హత్సుయేకి సాన్‌కిచి దొరికాడు. కయోకి సాన్‌కిచి కుక్క దొరికింది. కుక్క లేని వారం, సంతలో జనం గోల.

"భలే మొరిగావే ఇవ్వాళ! నిజం కుక్కే అనుకున్నా," అనేది హత్సుయే. మెచ్చుకోలో ఎగతాళో ఇప్పటికీ కయోకి తెలీదు.

ఎనిమిదేళ్ళు అలా గడిచాక, ఒకసారి హత్సుయే పుట్టింటికి వెళ్ళాల్సి వచ్చింది.

"పది రోజులేనే. అంతవరకు పిల్లాణ్ణి నువ్వు చూసుకో. పాడు చెయ్యకే తల్లీ!"

కయో చూసుకుంది. భయంతో నాలుక ఎండిపోతుంటే, "ఇదిగో వచ్చేశా!" అని అరిచింది. ఆ వారమంతా ఉత్తరాల కోసం ఎదురు చూసింది. గొంతు మారిందేమని ఒక్క పిల్లాడైనా అడుగుతాడని. ఎవరూ అడగలేదు. తెర మీద పడింది కూడా హత్సుయే పేరే.

"పిల్లలకి తెలియకూడదమ్మా," అన్నాడు నిర్మాత. "తెలిస్తే సాన్‌కిచి చచ్చిపోతాడు."

ఆ నిర్మాతా పోయాడు. ఆయన పెట్టిన నియమం మాత్రం పోలేదు. హత్సుయే ఫొటోలు దిగదు, పేపర్లవాళ్ళతో మాట్లాడదు. బస్తాల కొద్దీ ఉత్తరాలు హత్సుయేకి వస్తాయి. జవాబులు కయో రాస్తుంది. కింద హత్సుయే పేరు పెడుతుంది. పెట్టిన ప్రతిసారీ కలం కాగితాన్ని కాస్త చింపుతుంది.

హాలు బయట, సంచి మీద పేరు చూసి ఒకావిడ ఎదురొచ్చింది. నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. వంగి వంగి నమస్కరించింది.

"నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ పోయిందండీ. ఆదివారం ఆ గొంతు వింటేనే అన్నం దిగేది. హత్సుయే గారి రుణం ఎలా తీర్చుకోను?"

"ఏ సంవత్సరం?" అని అడిగింది కయో.

"తొంభై ఒకటి."

కయో మనసులో ఏదో లెక్క వేసుకుంది. పెదవుల దాకా వచ్చిన మాటని మింగేసింది. ఇక్కడ కాదు, లోపల. మైకులో.

వెయ్యి మంది ఉన్నారు హాల్లో. వ్యాఖ్యాత గొంతు పెంచాడు. "యాభై ఏళ్ళు! ఒక్క వారం కూడా మానకుండా!"

ఒక్క వారం కూడానా? అనుకుంది కయో.

హత్సుయే పేరు పిలిచారు. చప్పట్లు. కయో లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. చామంతుల గుత్తి బరువంతా ఆమె చేతుల్లోనే పడింది. కళ్ళ ముందు మైకు. ఇక ఇలాంటి రోజు రాదు.

"నమస్కారం. నా పేరు..."

"పేరెందుకండీ ఇప్పుడు!" వ్యాఖ్యాత నవ్వేశాడు. "ఆ ఒక్క మాట కోసం వీళ్ళంతా పొద్దుట్నుంచి కూర్చున్నారు!"

హాలంతా ఘొల్లున నవ్వింది. ముందు వరసలో ఇందాకటి ఆవిడ అప్పటికే కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఏడేళ్ళ పిల్లలా ఎదురు చూస్తోంది.

కయో ఆవిడ వైపు చూసింది. ఈసారి కూడా గెలుపు హత్సుయేదే.

"ఇదిగో వచ్చేశా!"

పదేళ్ళ పిల్లాడి గొంతు గోడలకి కొట్టుకుని మోగింది.

"వచ్చావా సాన్‌కిచీ!" అంటూ వెయ్యి గొంతులు ఒక్కసారిగా లేచాయి.

పది రోజుల్లో వచ్చేస్తానని చెప్పి, 1983 నవంబరు పన్నెండున అకితాలోని పుట్టింటికి రైలెక్కిన హత్సుయే మియోషి మళ్ళీ రాలేదు.