గాలికి కాపలా

"గాలి తీయించేది నువ్వే! కూలోడి నోటి దగ్గర కూడు లాక్కునే బుద్ధి నీది కాకపోతే ఇంకెవరిది?"

గ్యాస్ గోడౌను మేనేజరు గది గుమ్మంలో నిలబడి మీసాలాయన అరిచాడు. ఆయన హమాలీల నాయకుడు. వెనక పదకొండు మంది హమాలీలు. అందరికన్నా వెనక తల దించుకుని పొడుగోడు. మీసాలాయనకు సొంత బావమరిది. చిన్న గ్యాస్ బండలను మోటారు సైకిలుకు చెరోవైపు కట్టుకుని ఇళ్లకు చేర్చే లైను అతనిది. ఇంట్లో నలుగురి కడుపులూ ఆ లైను మీదే నడుస్తున్నాయి.

మేనేజరు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మొన్న ఆలస్యం. నిన్న ఆలస్యం. ఇవాళ పన్నెండింటికి సరుకు గేటు దాటకపోతే లైను వ్యానువాడికి ఇచ్చేస్తానని ముందే చెప్పాను. చాటుగా చెప్పలేదు కదా!"

"చెప్పావు. చెప్పి గాలి తీయించావు!"

గోడ గడియారంలో పదకొండు ఇరవై ఐదు. అందరూ షెడ్డు వైపు నడిచారు. మేనేజరు కూడా వెంట వచ్చాడు.

బండి వెనక చక్రం నేలకు చతికిలబడి ఉంది. పొద్దున ఎనిమిదింటికి రాయిలా ఉన్న చక్రం అది. ఎదుటి రోడ్డు మీది పంక్చరక్క అప్పటికే వచ్చేసింది. బేసిను, సబ్బుముక్క, చేతిపంపు ముందు పెట్టుకుని కూర్చుంది. మొన్న ఈ టైరు జబ్బు కనిపెట్టింది ఆవిడే. వాల్వు లోపలి పిన్ను అరిగి గాలి సన్నగా పోతోందని తేల్చింది. షోరూమువాళ్లు టైరూ ట్యూబూ రెండూ మార్చాలన్న చోట, రెండు టీల ఖర్చుతో కొత్త పిన్ను వేసి పంపింది.

"నీ పిన్ను పనిచేయలేదక్కా," అన్నాడు పొడుగోడు నీరసంగా.

"నా పిన్నుకేం తెగులు? దాని మూతేదీ?"

మూత చక్రం కింద దుమ్ములో దొరికింది.

"చూశారా! దొంగ చేయి పడ్డ గుర్తు!" మీసాలాయన మేనేజరు మొహం మీదికి వేలు చూపించాడు.

అక్క కాస్త గాలి కొట్టి, పిన్ను మీద సబ్బు నురగ పూసింది. నురగ కదల్లేదు. చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి, ఉబ్బించి బేసినులో ముంచింది. పదమూడు తలలు బేసిను మీదికి వంగాయి. మేనేజరు తల పద్నాలుగోది.

టక్కున ఒక బుడగ పైకి వచ్చింది.

"అదిగో!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"అది ట్యూబు మడతలో ఇరుక్కున్న గాలి. తప్పుకోండి, వెలుతురు రావడం లేదు." అక్క అంగుళం అంగుళం తిప్పింది. రెండో బుడగ రాలేదు. "చిల్లు లేదు. పిన్ను కొత్తది. ఈ ట్యూబు ఏడాది దాకా ఏ జబ్బూ లేకుండా బతుకుతుంది."

"మరి గాలి ఏమైంది?" అన్నాడు పొడుగోడు.

"ఎవరో తీశారు."

మీసాలాయన తొడ చరిచాడు. "ఏరా బావమరిదీ, నేను చెప్పలేదూ? పెళ్లినాడు మొహం వేలాడేసినట్టు అలా నిలబడకు. ఇవాళ ఈయన సంగతి తేల్చేద్దాం!"

"తేల్చండి," అన్నాడు మేనేజరు. "మీరు పన్నెండు మంది దానికి కాపలా ఉన్నారు. నేనెట్లా వచ్చాను? చీమనై పాకానా?"

 నిజమే మరి. కన్ను తిప్పకుండా కాపలా కాశారు. అక్క చక్రం బిగించి, గాలి కొడుతూ అడిగింది.

"కాపలా ఎప్పట్నించి?"

"నిన్న పొద్దుట్నుంచి. వంతులు వేసుకున్నాం. పది నిమిషాలకొకడు వచ్చి గాలి ఉందని తేల్చుకుంటాడు. తేలాకే గీత. ఇవాళ్టివి చూడు." మీసాలాయన గోడ వైపు చెయ్యి చాపాడు. సుద్దతో వరసగా ఇరవై గీతలు. ఒక్కటి కూడా వంకర లేదు.

"చివరి నాలుగైదు సార్లు గాలి బాగా తగ్గిందన్నా," అని వెనక నుంచి ఒకడు నసిగాడు. "అందుకే మేం రెండేసి సార్లు చూశాం."

పంపు కొడుతున్న అక్క ఆగి, గొట్టం తీసి మూత బిగించింది. పదకొండు యాభై అయింది. పొడుగోడు గేటు వైపూ చేతి గడియారం వైపూ చూస్తున్నాడు. 

"గాలి ఉందని ఎట్లా తేల్చుకుంటున్నారన్నా? టైరును కాలితో తన్నా?"

మీసాలాయనకు రోషం వచ్చింది. "తన్నడానికి మేమేమైనా పిల్లకాయలమా? పదిహేనేళ్లుగా ఈ గోడౌనులో లారీ దిగిన ప్రతి బండనీ చూసి లోపల పెట్టేది మేమే. మాకు నువ్వు నేర్పుతావా? ఇటు చూడు."

చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మూత తిప్పి తీశాడు. చెవి దగ్గరగా పెట్టి, గోటితో పిన్ను గట్టిగా నొక్కి పట్టాడు.

స్స్‌స్‌స్‌.

"విన్నావా? ఉంది!" అన్నాడు గర్వంగా. మూత కింద వదిలేసి లేచి, జేబులోంచి సుద్దముక్క తీసి ఇరవై ఒకటో గీత పెట్టబోయాడు.

అక్క ఆ సుద్ద లాక్కుని పంపు ఆయన చేతుల్లో కుక్కింది.

"మేనేజరును వదిలెయ్, దొంగలు పన్నెండు మందీ దొరికారు! ఒక్కో గీతకు ఇరవై పోట్లు, వరసగా వచ్చి కొట్టండి, పన్నెండయ్యేలోపు బండి గేటు దాటాలి!"