తగ్గింపు దారిలో ఉందట

అడవిలో అందరి గింజలూ దాచేదీ, అప్పిచ్చేదీ పందికొక్కే. అప్పు మీద ఎంత వడ్డీ పుచ్చుకోవాలో చెప్పేది మాత్రం తాబేలవ్వ. వానలు ఎగ్గొట్టిన ఏడు, గింజలు త్వరగా అయిపోకూడదని అవ్వ "సోలకి గుప్పెడు" అంది. ఆ మాట ఇంకా అవ్వ నోట్లో ఉండగానే పందికొక్కు గుప్పెడు వసూలు చేసింది. ఈ ఏడు గింజ విరగపండింది. "అరగుప్పెడు చాలు" అని అవ్వ చాటింపు వేయించింది.

గూట్లో పిల్లలు ఆకలికి నోళ్లు తెరుస్తుంటే, పాత అప్పు మీద వడ్డీ కట్టి కొత్తది తెచ్చుకుందామని పూరేడు పిట్ట పందికొక్కు బొరియ దగ్గరికొచ్చింది. సోలకి అరగుప్పెడు చొప్పున వడ్డీ పోసింది.

"మిగతా సగం ఏదమ్మాయ్?" అంది పందికొక్కు.

"అవ్వ తగ్గించింది కదా మామా."

"తగ్గించింది, కాదన్లేదు. ఆ తగ్గింపు దారిలో ఉంది. మన బొరియ దాకా ఇంకా రాలేదు."

పూరేడుకి ఒళ్లు మండింది. "పెంచినప్పుడు అవ్వ మాట రెక్కలు కట్టుకుని వాలిందే! తగ్గించేసరికి దానికి కాళ్లు పడిపోయాయా?"

వెనక వరసలో ఉడతలు కిసుక్కుమన్నాయి.

"ఎక్కువ మాట్లాడితే బొరియ మూసేస్తా. పిల్లలకి ఏం పెట్టుకుంటావో పెట్టుకో."

పూరేడు గూట్లోని పిల్లల్ని తలుచుకుంది. అయినా కదల్లేదు. "మూసుకో మామా. లోపలున్నవి మేమంతా దాచుకున్న గింజలే. ముందు అవి బయటపెట్టి, ఆ తర్వాత ఖాళీ బొరియ మూసుకో!"

"అవును, మావి మాకిచ్చెయ్!" అన్నాయి ఉడతలు, ఈసారి నవ్వకుండా.

పందికొక్కు అరగుప్పెడు వడ్డీనే లోపలికి లాక్కుని, కొత్త అప్పు కొలవడానికి సోల అందుకుంది. గింజలు కొలిచేవాళ్లెవరూ మొదటి సోలని ఒకటనరు, లాభం అంటారు. పందికొక్కు మాత్రం నేలచూపులు చూస్తూ, "ఒకటి" అంది.