కిర్రుమనని మెట్టు

గ్రాషి దీపం లేకుండానే అటక మెట్లెక్కుతోంది. జర్మన్ గస్తీ తిరిగే ఆ కొండవాలులో చీకటిపడ్డాక దీపం పెడితే చావుకి కబురు పెట్టినట్టే. ఆమె వెనకాల, విమానం కూలి బయటపడ్డ ఇంగ్లీషు సిపాయి. రేపు అతన్ని కొండ దాటించి స్పెయిన్ చేర్చాలి. అతనికి తమ బాస్క్ భాష ఒక్క ముక్క రాదని తెచ్చినవాళ్ళు చెప్పారు.

మూడో మెట్టు సంగతి అతనికి చెప్పడం మరిచిపోయింది. దొంగచాటుగా ఎవడెక్కినా కిర్రుమనాలని ఆమె మొగుడు గానిష్ కావాలనే దాని మేకులు వదులు చేశాడు.

మెట్టు కిర్రుమనలేదు.

అంత చీకట్లోనూ ఆ కొత్తమనిషి దాన్ని దాటేసి ఎక్కాడు.

ఆ కిటుకు తెలిసింది ఇద్దరికే, తనకీ గానిష్‌కీ. గానిష్‌ని పోయిన నెలే జర్మన్ సైనికులు ఈడ్చుకుపోయారు. అతనే ఇతన్ని నమ్మి చెప్పాడా? కొట్టి చెప్పించారా?

అటక మీద అతని చేతిలో మొక్కజొన్న రొట్టె పెట్టింది.

"తిను బాబూ, తిను. మీ రాజుగారింట్లో కూడా దొరకదిది," అంది తన భాషలోనే.

అతను ఆబగా నములుతున్నాడు. ఆమె గడ్డి సర్దుతూ, వెనక్కి తిరక్కుండా, అదే గొంతుతో అడిగింది.

"మా ఆయన్ని బతకనిచ్చారా?"

నమిలే చప్పుడు ఆగిపోయింది.