రెండొందల పౌన్లు ఎక్కువ

వెస్లీకి ఒళ్లు మండిపోయింది. ముసలాయన మళ్లీ వచ్చాడు.

వరసగా ఇది మూడో శనివారం. ఏమీ కొనడు. షోరూంలో ఊరికే పోసే కాఫీ తాగుతాడు, పికప్ ట్రక్కుల చుట్టూ తిరుగుతాడు, బేరం తెగే వేళకు పానకంలో పుడకలా అడ్డుపడతాడు. వెస్లీ చేతిదాకా వచ్చిన రెండు బేరాలు అలాగే పోయాయి. ఈ సాయంత్రంలోగా ఒక్క ట్రక్కైనా అమ్మకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదని మేనేజర్ డెల్లా పొద్దున్నే మొహం మీద చెప్పేసింది.

ఇవాళ గుర్రాలు పెంచే దంపతులు వచ్చారు, గార్త్, లోర్నా. సంతకాల దాకా వచ్చింది వ్యవహారం.

"ఆరు గుర్రాల ట్రైలర్ కట్టుకుని కొండ కనుమ దాటాలి. లాగుతుందా?" అడిగాడు గార్త్.

"భలేవారే! పదమూడు వేల రెండొందల పౌన్లు సార్! పక్క కంపెనీవాళ్లు పదమూడు వేల దగ్గరే చతికిలబడ్డారు."

"ఎక్కేటప్పుడు లాగుతుంది బాబూ," వెనక నుంచి ముసలాయన గొంతు. "దిగేటప్పుడు ట్రైలరే బండిని తోస్తుంది. పదకొండు వేలు దాటితే ఆ కనుమ దిగొద్దు. నా మాట విను."

లోర్నా కలం కింద పెట్టేసింది. "ఆలోచించుకుని వస్తాం" అని ఇద్దరూ లేచారు. వాళ్లిక రారని వెస్లీకి తెలుసు. ఏడుపొక్కటే తక్కువ.

"ఏం పెద్దాయనా, పక్క కంపెనీవాళ్లే పంపిస్తున్నారా నిన్ను?"

"నన్నెవరూ పంపలేదు."

"మరి నా పొట్టెందుకు కొడుతున్నావ్? ఆ అంకె వేసినోళ్లు చదువుకున్నోళ్లు. వాళ్లకన్నా నీకెక్కువ తెలుసా?"

"ఎక్కువేం కాదు. వాళ్లకి తెలిసినంతే. పరీక్షప్పుడు బండి తేలికవ్వాలని స్టెప్నీ తీసేశారు, వెనక సీటు తీసేశారు, బక్కపల్చటి డ్రైవర్ని వెతికి కూర్చోబెట్టారు. పక్కవాళ్లకన్నా రెండొందలు ఎక్కువ చూపించాలిగా మరి!"

"చాల్లే, కోతలు!"

వెస్లీ విసురుగా సొరుగు లాగి నోటీసు కాగితం తీశాడు. ఈ మనిషి ఇకమీదట ఈ ఆవరణలో అడుగుపెడితే షెరీఫ్‌కి అప్పగిస్తామని రాసి ఉండే కాగితం అది. పేరు నింపితే చాలు, పీడ విరగడవుతుంది.

"పేరు చెప్పు."

ముసలాయన పర్సులోంచి అంచులు అరిగిన కార్డొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

రాసుకోబోయిన వెస్లీ చెయ్యి ఆగిపోయింది: కార్డు మీద ఉన్నది తన చొక్కా జేబు మీదున్న కంపెనీ గుర్తే, దాని కింద "ఓరిన్ హెక్ట్, ప్రధాన ఇంజనీరు, లాగుడు బరువు నిర్ణయించే విభాగం" అని ఉంది.