కాఫీతో కడిగిన రీలు

సుందరరాజు వంటింటి కిటికీకి రెండో దుప్పటి కూడా కట్టాడు. పట్టపగలే లోపల చీకటి గుయ్యారమైంది.

చేతిలో ఉన్నది ఒక్కటే రీలు. అందులో పాప ఉంది. గోడ పట్టుకుని మొదటిసారి నిలబడిన పాప. మూతినిండా పాలబువ్వ పూసుకున్న పాప. పోయిన వారం విషజ్వరం ఆ పాపను మింగేసింది. ఇంకో ఫోటో లేదు.

"దాని మొగం ఒక్కసారి చూపించు," అని కన్నతల్లి అతని కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

తిరుపతిలో స్టూడియోలకు కరువా? కానీ సుందరరాజు ఏ రీలూ పరాయి చేతికి ఇచ్చేవాడు కాదు. తన తువ్వాళ్ల అంగడి సరుకు కోసం నేతగాళ్ల ఊరైన నగరికి పోయినా కెమెరా భుజానే ఉండేది. తీసిన రీళ్లను చిక్కటి కాఫీ డికాక్షన్‌లో బట్టల సోడా కలిపి ఇంట్లోనే కడిగేవాడు. సోడా పడితేనే కాఫీ బొమ్మను తేలుస్తుంది. ఆ తర్వాత హైపో నీళ్లలో ముంచితే బొమ్మ నిలుస్తుంది.

"మీ ఇంట్లో మనుషుల కంటే రీళ్లే కాఫీ ఎక్కువ తాగతాయప్పా," అని పక్కింటి పరంధామయ్య ఎగతాళి చేసేవాడు.

కలిపేది మాత్రం భార్య శకుంతలమ్మే. ఆమె కొలత ఏనాడూ తప్పలేదు. ఇవాళా గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"సోడా ఏసినావా?"

"అన్నీ ఏసినా. నిదానంగా కానీయ్."

తలుపు దగ్గరగా వేసి ఆమె బయటికి వెళ్లింది. చీకట్లో రీలు రెండు కొసలూ పట్టుకుని డికాక్షన్‌లో కిందికీ పైకీ ఆడించాడు. సోడా నీళ్లు వేళ్లకు జారుడుగా తగలాలి. ఇవాళ తగల్లేదు. అతనికి ఆ ధ్యాస ఎక్కడిది? కొండమీది స్వామికి మొక్కుకుంటూ రీలును హైపోలో ముంచాడు.

దుప్పటి లాగి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

రీలు అద్దంలా ఉంది. ఆ కొస నుంచి ఈ కొసదాకా ఒక్క బొమ్మా తేలలేదు. హైపోలో మునిగిన రీలును ఇక బ్రహ్మదేవుడు కూడా మళ్లీ కడగలేడు.

సుందరరాజు పొయ్యి పక్కనే కూలబడ్డాడు.

"పాపను నేను రెండోసారి చంపినానే," అని తల బాదుకున్నాడు.

శకుంతలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొంగుతో అతని కళ్లు తుడిచింది. తల నిమిరింది.

"నగరిలో నీ బిడ్డను కన్నది ఎదురు చూస్తా ఉంటాది, పోయి చెప్పిరాపో," అంటూ కొంగుముడి విప్పి, దారం కూడా తెంపని సోడా పొట్లాన్ని అతని ఒడిలో పెట్టింది.